హేవలాక్‌లో డైవింగ్: నేను ముందు చూసేది రెండో రెగ్యులేటర్‌నే

అండమాన్‌లోని హేవలాక్ ద్వీపం పేరు 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మారినా డైవర్ల నోట ఇంకా హేవలాకే. డైవింగ్ కోసమే వెళ్తుంటే బస తూర్పు వైపు గోవింద్‌నగర్, విజయనగర్ బీచ్‌ల దగ్గరే తీసుకోండి. డైవ్ షాపులు చాలావరకు అక్కడే, పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. రాధానగర్ బీచ్ అందం కాదనను, కానీ అది ద్వీపానికి అవతలి పక్క. మేం విజయనగర్‌లో ఒక కాటేజీలో దిగాం. ఏసీ అంతంతమాత్రం, చేపల పులుసు మాత్రం బ్రహ్మాండం.

మేం అడిగిన షాపుల్లో రేట్లు ఇంచుమించు ఒకటే. అందుకే నేను ఆక్టోపస్ చూస్తాను. సిలిండర్‌లోని గాలిని పీల్చుకునేంత ఒత్తిడికి తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటర్. దానికే, మామూలుగా పసుపు గొట్టంతో, అదనంగా ఉండే రెండో మౌత్‌పీస్ ఆక్టోపస్. మొదటి షాపులో అది నేల మీద ఈడుస్తోంది. లోపల ఇసుక, పళ్లతో పట్టుకునే చోట రబ్బరు చిరిగిపోయింది. "దాన్ని ఎవరూ వాడరు సార్, టెన్షన్ వద్దు" అన్నాడు అక్కడి కుర్రాడు. ఒక నమస్కారం పెట్టి బయటికొచ్చేశాం.

రెండో చోట ఇన్‌స్ట్రక్టర్ పడవ మీదే రెండు మౌత్‌పీస్‌లతోనూ గాలి పీల్చి చూడమంది, సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపించే గేజ్ మీద నుంచి కళ్లు తీయకుండా. పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోయి లేస్తుంటే వాల్వ్ సరిగా తెరవలేదన్నమాట. తర్వాత ఆక్టోపస్‌ని ఛాతీ మీద, లాగగానే ఊడొచ్చే క్లిప్‌కి తగిలించింది. డబ్బులు అక్కడే కట్టాం.

అయితే నా ఆక్టోపస్ నా కోసం కాదు, నాతో జంటగా దిగే తోటి డైవర్, అంటే నా బడ్డీ కోసం. నా సిలిండర్ ఖాళీ అయితే రెండు మౌత్‌పీస్‌లూ ఒకేసారి మూగబోతాయి. అప్పుడు నాకు దిక్కు బడ్డీ దగ్గరున్నదే, అదీ అతను చెయ్యి చాచే దూరంలో ఉంటేనే.

మా గుంపులో ఒకాయన దీనికి విరుగుడుగా మూరెడు కూడా లేని చిన్న బాటిల్ తెచ్చుకున్నాడు. విమానంలో నిండు సిలిండర్‌ని రానివ్వరు కాబట్టి ఖాళీగా తెచ్చి షాపులో నింపించాడు. అందులో పట్టేది 85 లీటర్ల గాలి. 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి 4 రెట్లు. కంగారులో మనిషి నిమిషానికి 30 లీటర్లు పీల్చాడనుకుంటే అక్కడ 120 అవుతుంది. అంటే ముప్పావు నిమిషం కూడా రాదు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికే 3 నిమిషాలు దాటుతుంది, ఆపైన జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర ఆగాల్సిన 3 నిమిషాలు. అదే 'పోనీ బాటిల్' (pony bottle) అనే, వేరే రెగ్యులేటర్‌తో వెంట తీసుకెళ్లే అదనపు చిన్న సిలిండర్ అయితే, 3 లీటర్లదాన్ని 200 బార్ ఒత్తిడికి నింపితే 600 లీటర్లు, లెక్క సరిపోతుంది.

టెక్నికల్ డైవర్లు (మామూలు సరదా డైవింగ్ హద్దులు దాటి దిగేవాళ్లు) వాడే 2.1 మీటర్ల పొడవు గొట్టం పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. నోట్లో ఉన్నదే అవతలివాళ్లకి ఇచ్చి, మెడ కింద వేలాడేది మనం పెట్టుకుంటాం. ఇచ్చేది పనిచేస్తుందా అన్న అనుమానమే ఉండదు. కానీ ప్రాక్టీస్ లేకుండా దాని జోలికి వెళ్లకండి.

నీమో రీఫ్ లాంటి లోతు తక్కువ చోట మొదటిసారి దిగేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటారు. డిక్సన్స్ పినకిల్ లాంటి లోతైన చోట్ల కెమెరాతో వెనకబడిపోయే అలవాటుంటే మాత్రం పోనీ బాటిల్ తీసుకోండి. టికెట్లు బుక్ చేయకముందే షాపుకి ఫోన్ చేసి, సిలిండర్‌తో పాటు వేరే రెగ్యులేటర్, గేజ్ కూడా అద్దెకిస్తారా అని అడగండి.