నాలుగేళ్ల టూ ఇన్ వన్, అందులో ఒక్క స్క్రూ

క్యాసెట్టు తలుపు కింద, ప్లే నొక్కినప్పుడు మాత్రమే కనిపించే చిన్న కన్నం ఒకటుంటుంది. అందులోంచి చూస్తే, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డు పక్కన స్ప్రింగు మీద కూర్చున్న స్క్రూ కనిపిస్తుంది. రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసి ఉన్న ఈ టూ ఇన్ వన్‌ను నాలుగేళ్లకు పైగా వాడాక, ఈ సెట్టు మీద నాకున్న ఇష్టమంతా ఆ స్క్రూ మీదే ఉంది.

2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయారు. ఆ వారం భీమవరంలో అమ్మ అటక మీద నుంచి అట్టపెట్టె దింపించింది. అందులో 31 క్యాసెట్లు. పన్నెండు కొన్నవి, మిగతా పందొమ్మిదీ 1988 నుంచి 1995 దాకా అన్నయ్య ఇంట్లో నింపినవి. విజయవాడ వివిధ భారతిలో జనరంజని వస్తుంటే, పాట కోరినవాళ్ల పేర్లు చదువుతుండగానే రికార్డు, ప్లే మీటలు రెండూ కలిపి నొక్కేవాడు. అందుకే పాటకు ముందు సగం సగం పేర్లు, ఊళ్లు కూడా టేపు మీదకు ఎక్కేవి. చీరాల, రేపల్లె, గుడివాడ. నేను చాలా ఊళ్ల పేర్లు మ్యాపులో కంటే ముందు అలాగే విన్నాను. ఆ పాటలు ఫోన్లో దొరుకుతాయి. ఆ పేర్లు దొరకవు.

పాత సెట్టు ఎప్పుడో పోయింది. అందుకని ముందు ఐదు క్యాసెట్లు ఒక దుకాణంలో ఇచ్చి ఎంపీ3లు చేయించాను. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వచ్చాయి. టేపు పాతబడిపోయింది, ఇంతకన్నా రాదు అన్నారు. నిజమే అనుకుని చాలా బాధపడ్డాను. అయినా మనసు ఊరుకోక 2021 మొదట్లో పాత సామాన్ల కొట్టులో ఈ టూ ఇన్ వన్ కొన్నాను. కొన్న క్యాసెట్లు పెడితే శుభ్రంగా పలికాయి. అన్నయ్య నింపినవి పెడితే మళ్లీ అదే దుప్పటి.

కొన్న కొత్తలో మాత్రం ఫోను కన్నా దీని శబ్దమే బాగుందని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనలేను. పాటల మధ్య ఖాళీలో సుయ్యిమనే చప్పుడు ఉంటుంది. సాగదీసిన వీణ స్వరం ఒక్కోసారి వణుకుతుంది. ఆ వణుకు మొదట్లో నాకు ముద్దుగానే అనిపించింది. రెండో వానాకాలం వచ్చేసరికి అదే పెద్ద టెన్షన్ అయింది. బాలు గారి గొంతు రోజురోజుకీ బరువెక్కుతూ పోయి, ఒకరోజు ఎవరిదో ముసలి గొంతులా వినిపించింది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. అది తగ్గితే పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి కూడా దిగిపోతుంది. విప్పి చూస్తే మోటారు బెల్టు కరిగి తారులా కప్పీలకు అంటుకుపోయి ఉంది. ఇయర్ బడ్డులూ స్పిరిటూ పెట్టుకుని ఒక సాయంత్రమంతా తుడిచాను. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో పాత బెల్టు కొలత చెప్పి కొత్తది తెచ్చాను. అది కాస్త వదులు. ఇంకోసారి వెళ్లి మార్చుకున్నాక కుదురుకుంది.

సెట్టు విప్పి ఉండగానే ఆ స్క్రూ నా కంట పడింది. దాని మీద ఎర్ర లక్క చుక్క ఉంది, కదపవద్దని. హెడ్డు మీద ఉండే సన్నటి చీలిక టేపుకు సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. ఆ నిలువును సరిచేసేది ఈ స్క్రూనే. నింపిన సెట్టులో హెడ్డు కొంచెం ఒరిగి ఉంటే పాట కూడా అదే ఒరపుతో టేపు మీద పడుతుంది. ఆ సెట్టులోనే వింటే తేడా తెలియదు. నిటారుగా ఉన్న హెడ్డుతో వింటే మాత్రం తాళాల చప్పుడు, వయొలిన్ల అంచులు, మాటల్లో స, శ అక్షరాలు, సన్నటివన్నీ పోతాయి.

అంటే టేపు చెడిపోలేదు. మా పాత సెట్టులో హెడ్డు ఎటు ఒరిగి ఉండేదో దీనికి తెలియదు, అంతే.

1990 అని రాసి ఉన్న సీ-60 (అరవై నిమిషాల) క్యాసెట్టు పెట్టి, లక్క గీకి, సన్న స్క్రూడ్రైవరుతో కొంచెం ఎడమకు తిప్పాను. ఇంకా మసకబారింది. వెనక్కి వచ్చి కుడికి తిప్పాను. పావు చుట్టు కూడా కాలేదు, ఇళయరాజా వయొలిన్లు ఒక్కసారి తలుపు తీసుకుని గదిలోకి వచ్చేశాయి. దాని వెనకే అనౌన్సరు గొంతు, 'సత్యవతి' అనే పేరులో స స్పష్టంగా. నేను ఆ పేరును ఇన్నేళ్లూ 'అత్యవతి' లాంటిదేదో అనుకోలేదు. నాకు అది ముందే తెలుసు. చిన్నప్పుడు వందసార్లు విన్నాను. మళ్లీ వినగానే నా నోట్లో తర్వాతి పేరు కూడా వచ్చేసింది. ఆ రాత్రి పడుకునేసరికి రెండున్నర అయింది.

తర్వాత వచ్చిన చిక్కు ఇంకా బాగుంది. ఆ అమరికలోనే మిగతావన్నీ వింటే ఎనిమిదే బాగా పలికాయి. పదకొండు మసకగానే ఉన్నాయి, స్క్రూ అటువైపు తిప్పితే అవి తేటపడ్డాయి. డాలస్‌లో ఉన్న అన్నయ్యకు రెండు రకాలూ రికార్డు చేసి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "ఒరే, సెట్టు బల్ల మీంచి పడింది గుర్తులేదా? నాన్న తిట్టాడు కూడా. మెకానిక్కు కొత్త హెడ్డు వేశాడు" అన్నాడు. నాకు నిజంగా గుర్తులేదు. ఏ సంవత్సరమో వాడికీ గుర్తులేదు. కానీ క్యాసెట్ల మీద తేదీలున్నాయి. మొదటి రకంలో చివరిది 1991 సంక్రాంతి, రెండో రకంలో మొదటిది ఆ వేసవి. అట్ట మీద ఏమీ రాయని క్యాసెట్లు మూడుంటే, అవి సెట్టు పడకముందువో తర్వాతవో కూడా ఈ స్క్రూతోనే తేల్చాం. ఇప్పుడు ఒక్కో డబ్బా మీద స్కెచ్ పెన్నుతో 'కుడి', 'ఎడమ', 'నిటారు' అని రాసి పెట్టుకున్నాను.

దీనికీ ఒక ఖర్చుంది. మాటిమాటికీ తిప్పడంతో స్ప్రింగు వదులవుతోంది. అందుకే ఇప్పుడు వారానికి ఒక రకం క్యాసెట్లే వింటాను. తిప్పిన ప్రతిసారీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేస్తున్నాను. మీరూ ఇలా ఎక్కించాలనుకుంటే ముందు స్క్రూ సరిచూసుకుని తర్వాతే మొదలుపెట్టండి. మసకగా ఎక్కినదాన్ని తర్వాత ట్రెబుల్ పెంచి బాగుచేయడం నా వల్ల కాలేదు, సుయ్యి చప్పుడే పెరిగింది.

కొనమని చెప్పాలా అంటే, ఇంట్లో నింపుకున్న క్యాసెట్లు ఉన్నవాళ్లకు చెబుతాను. కొన్న క్యాసెట్లే ఉంటే, పాటల కోసమే అయితే, నేనైతే దీని జోలికి వెళ్లేవాణ్ని కాను. నాకు విప్పి చూసే ఓపిక ఉంది, కోఠి బస్సు దూరంలో ఉంది, ఏ పాట తర్వాత ఏది వస్తుందో చెప్పడానికి అన్నయ్య ఉన్నాడు. ఇవి లేకపోతే నా అభిప్రాయం ఇలాగే ఉండేదో లేదో.

ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాల్సింది ఇంకా ఒక సీ-90 (తొంభై నిమిషాలది) మిగిలింది. దాని టేపు మరీ పలచన, రెండుచోట్ల నలిగి ఉంది. అందులో ఆదివారం మధ్యాహ్నం రేడియోలో సినిమాను కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం ఒకటి నింపానని అన్నయ్య అంటున్నాడు. సంక్రాంతికి వాడు వచ్చాక ఇద్దరం కూర్చుని పెడతాం.