మొసళ్ల మడుగుకు ఇసుక ఫిల్టర్: కొన్ని ఎండాకాలాల తర్వాత

ఈతకొలనులకు వాడే, నీళ్లను ఒత్తిడితో ఇసుకలోంచి తోలి వడకట్టే ప్రెషర్ శాండ్ ఫిల్టర్‌ను మేము చూసుకునే మొసళ్ల మడుగుకు బిగించిన కొత్తలో, అడిగినవాళ్లందరికీ దాన్ని పొగిడి చెప్పాను. అందులో కొంత ఇప్పటికీ నిజమే. మొసలి తోక ఆడించినప్పుడల్లా లేచే మడ్డిని అది బాగా పడుతుంది. వాల్వ్ తిప్పి బ్యాక్‌వాష్ చేస్తే, అంటే నీళ్లను ఇసుకలోంచి వెనక్కి తోలితే, ఆ మడ్డి అంతా మురుగు కాలువలోకి పోతుంది. నీళ్ల పచ్చదనం మాత్రం దానితో పూర్తిగా పోలేదు. నాచు కణాలు ఇసుక సందుల్లోంచి జారిపోతాయి కాబట్టి, సగం మడుగుకు గ్రీన్‌నెట్ కట్టి నీడ చేసిన తర్వాతే అది తగ్గింది. మొసళ్లకు ఎండ కాగే చోటు తప్పనిసరి కనుక మిగతా సగాన్ని వరంగల్ ఎండకు వదిలేయక తప్పలేదు.

నా కోపమంతా మొసళ్ల మేతలోంచి వచ్చే కొవ్వు విషయంలోనే. ఒక ఏప్రిల్‌లో, ఫిల్టర్‌లో నీటి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కొన్నాళ్లు పైకెక్కి, ఆ తర్వాత ఉన్నట్టుండి మామూలు కన్నా కిందికి దిగింది; నీళ్లు మాత్రం కలకబారాయి. అమ్మిన సంస్థ పంపిన మెకానిక్ గేజ్ చూసి, ఫిల్టర్ బాగానే ఉందని, మోటారే చిన్నదని, పెద్దది కొనమని చెప్పి వెళ్లిపోయాడు. నమ్మకం కుదరక మూత విప్పించాం. పైపొర ఇసుక బూడిద రంగుకు తిరిగి, రేగుపండంత, కొన్నిచోట్ల బత్తాయంత ఉండలు కట్టి ఉంది. ఒక ఉండను చిదిమితే వేళ్లకు జిడ్డు అంటుకుని, కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. ఉండల పక్కన నిలువుగా సందులు పడి, నీళ్లు వడపోత లేకుండా వాటిగుండా దిగిపోతున్నాయి. ముల్లు కిందికి దిగింది అందుకే.

మొసలి మాంసాన్ని నమలదు. ముక్కను నీళ్లలోకి లాక్కుపోయి, విదిలించి, చీల్చి మింగుతుంది. ఆ కొవ్వు తెట్టులా తేలి, చివరికి ఇసుకలోకే చేరుతుంది. ఇసుక మార్పించి, మేత గట్టు మీది బండ దగ్గర పెట్టి, తెట్టు పొర్లిపోయేలా మడుగు అంచున గండి కొట్టించాక ఉండలు చాలావరకు తగ్గాయి. చలికాలంలో మొసళ్లు తిండి తగ్గిస్తాయి కనుక ఫిల్టర్‌కూ శ్రమ తక్కువే.

తేటగా ఉన్నంత మాత్రాన నీళ్లు శుభ్రమని అనుకోకూడదు. మొసళ్లు విసర్జించే అమ్మోనియా నీళ్లలో కరిగే ఉంటుంది, దాన్ని ఇసుక పట్టదు; కొంత నీటిని తరచూ మార్చాల్సిందే. బ్యాక్‌వాష్‌కు పోయే నీళ్లు కూడా తక్కువేమీ కావు. వాటిని కానుగ చెట్లకు మళ్లించాం గానీ, మే నెలలో బోరు సన్నబడినప్పుడు ఆ ఖర్చు మనసుకు కష్టంగానే ఉంటుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న మగ్గర్ మొసలిని ఇంట్లో పెంచడం కుదరదు కాబట్టి, ఇది ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసమే రాస్తున్నాను. మా మడుగుకు మధ్యలో గేటు ఉంది, మొసళ్లను ఒకవైపుకు తోలి రెండోవైపు పని చేసుకోవచ్చు. మురుగు పోవడానికి వాలూ ఉంది. అందువల్ల మాకు ఈ ఫిల్టర్ పనికొచ్చింది. ఆ రెండూ లేని చిన్న మడుగుకైతే దీన్ని కొనమని చెప్పలేను; మొసలిని సురక్షితంగా వేరే చోటికి మార్చే వీలుంటే, నీళ్లన్నీ తోడేసి, పాకుడు గీకి, మళ్లీ నింపుకోవడమే అక్కడ నయం.