పదిహేనేళ్ల చందా, ఉండి దగ్గర రొయ్యల చెరువు

చందా రెన్యువల్ కార్డు వచ్చి నాలుగు వారాలు దాటింది. ఫ్రిజ్ తలుపు మీద వెంకన్న బొమ్మ అయస్కాంతం కింద అలాగే ఉంది. మా ఆవిడ పాలు తీసినప్పుడల్లా దాన్ని చూసి "కడతారా, చించెయ్యనా?" అంటుంది. "ఉండనీ" అంటాను. పదిహేనేళ్లలో ఇంత తటపటాయింపు ఎప్పుడూ లేదు.

నేను చెప్పేది ఇక్కడి ఒక కన్జర్వేటివ్ పత్రిక సంగతి. తిట్టబోతున్నాను కాబట్టి పేరు రాయను. పన్నులు తగ్గాలి, సర్కారు చిన్నదవ్వాలి, తుపాకీ జోలికి రావద్దు, యూనివర్సిటీలు చెడిపోయాయి... ఆ కోవ పత్రిక ఎలా ఉంటుందో అమెరికాలో ఉండేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నేను డబ్బు కట్టింది అందులో ఒకే ఒక్క పేజీ కోసం.

పుస్తక సమీక్షలకి ముందు వచ్చే ఆర్థిక విషయాల పేజీ అది. 2010లో ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన, టెక్సాస్‌లో పుట్టి పెరిగిన మనిషి, పాత సంచిక ఒకటి నా బల్ల మీద పడేసి "మీ ఊరి సరుకు గురించే, చదువు" అన్నాడు. నేనుండేది హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లో. పంచదార ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు. ఫ్యాక్టరీ మాత్రం నేను రాకముందే మూతబడింది. ఆ వ్యాసం పంచదార కోటాల మీద. బయటి పంచదార ఇంతకు మించి రాకూడదని అమెరికా హద్దు పెట్టి, లోపలి ధరని చాలా ఏళ్లు ప్రపంచ ధరకి రెట్టింపు దగ్గర నిలబెట్టింది. కట్టేవాడికి తెలియనంత చిన్న మొత్తం, పుచ్చుకునేవాడు వదులుకోలేనంత పెద్ద మొత్తం, అందుకే ఆ కోటా చావదు. ఈ ముక్క కాలేజీలో ఎకనామిక్స్ మాస్టారు చెప్పి ఉంటే నిద్రపోయేవాణ్ణి. ఆ పేజీ రాసే కాలమిస్టు రాస్తే బస్సులో నిలబడి చదివాను.

ఇంకా నచ్చిందేమిటంటే, ఆయన వాతలు పెట్టింది ఎక్కువగా సొంత రిపబ్లికన్ పార్టీకే. బుష్ 2002లో ఉక్కు మీద 30 శాతం దాకా సుంకం వేసి, మరుసటేడు డిసెంబరులో నోరు మూసుకుని ఎత్తేసిన సంగతిని పదేళ్ల తర్వాత కూడా దెప్పేవాడు. అదే బుష్ ఎనిమిదేళ్లలో దేశం అప్పు 5.7 లక్షల కోట్ల డాలర్ల నుంచి 10.6 లక్షల కోట్లకి చేరిందని, పొదుపు పార్టీ అని చెప్పుకోవడానికి సిగ్గుండాలనీ రాసేవాడు. మన దగ్గర పొద్దున్నే పేపరు విప్పితే అది ఏ పార్టీదో మొదటి పేజీ ఫోటోయే చెప్పేస్తుంది. అలవాటు లేని సరుకు కాబట్టి నాకు మత్తెక్కింది. 1930లో స్మూట్-హాలీ సుంకాల బిల్లు మీద సంతకం పెట్టొద్దని 1,028 మంది ఆర్థికవేత్తలు అధ్యక్షుడు హూవర్‌ని బతిమాలిన కథ నాకు ఆయన వల్లే కంఠతా వచ్చింది. తెలుగు సంఘం పిక్నిక్‌లో ఆ కథ ఎత్తుకుంటే పులిహోర ప్లేట్లు పట్టుకున్నవాళ్లు పక్క చెట్టు కిందకి జరిగేవారు.

ఇక అసలు గొడవ.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ వైట్‌హౌస్ తోటలో అట్ట పట్టుకుని దేశాలవారీగా సుంకాలు ప్రకటించాడు. ఇండియా ఎదురుగా 26 శాతం ఉంది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ పొద్దున ఎనిమిది. వాడికి భీమవరం పక్కన ఉండి దగ్గర పన్నెండెకరాల వనామీ రొయ్యల చెరువులు, అందులో ఎనిమిది లీజు. "బావగారూ, నిన్న సాయంత్రం అనుకున్న రేటు ఇప్పుడు కాదంటున్నాడు. వలలు దించేశాం, ఐసు లారీ గట్టు మీదుంది. మీ అమెరికావాళ్లు ఏదో చేశారంట?" వెనకాల ఏరేటర్ల చప్పుడు, ఎవరో "ఆపెయ్యమంటారా?" అని అరవడం వినబడుతున్నాయి. వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే రొయ్య, మీద కిలోకి ముప్పై రూపాయలు కోశాడట కొనే ఏజెంటు. పట్టిన రొయ్యని మళ్లీ చెరువులో వదల్లేం కదా. ఇచ్చేశాడు.

వారం తిరక్కుండా ఆ సుంకాల్ని తొంభై రోజులు ఆపి పది శాతంతో సరిపెట్టారు. బావమరిదికి పోయిన ముప్పై మాత్రం తిరిగిరాలేదు.

నేను మెయిల్‌బాక్సు దగ్గరే నిలబడి, కొత్త సంచిక రాగానే కవరు చింపాను. పదిహేనేళ్లుగా సుంకాల మీద కత్తి దూసిన మనిషి ఇప్పుడు ఎలా చెండాడతాడో చూద్దామని. ఆ వారం ఆయన రాసింది కాలేజీ ఫీజుల మీద! పోనీ, ప్రింటుకి ముందే వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను. తర్వాతి సంచికలో సుంకాల మాట వచ్చింది. సుంకం "బేరానికి పనికొచ్చే ఆయుధం" అట, తొందరపడి తీర్పు చెప్పకూడదట. ఆ పై సంచికలో "ఫలితాలు వచ్చేదాకా చూడాలి". చూడాలా? 1930ని నాకు వల్లె వేయించింది ఎవరు?

గరాజ్‌లో పాత సంచికల పెట్టెలు దింపాను. ఒక శనివారం అందులోనే పోయింది. 2018 మార్చిలో ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం వేసినప్పటి సంచిక దొరికింది. అదే పేజీ, అదే ఫోటో, జుట్టు కాస్త ఎక్కువ. సుంకం కట్టేది చైనావాడు కాదు, కొట్లో కొనుక్కునేవాడే అని ఆయనే రాశాడు. ఆ వాక్యం కింద నేను గీసిన గీత కూడా అలాగే ఉంది. ఎడిటర్‌కి ఉత్తరం రాశాను. నెల తర్వాత వేశారు. రొయ్యల గురించిన రెండు వాక్యాలు ఉంచి, "2018లో మీరే ఇలా రాశారు" అన్న మూడోది కోసేశారు. నాకు ముప్పై రూపాయల కన్నా ఈ కోత ఎక్కువ మంట పుట్టించింది.

కన్జర్వేటివ్ వైపు వాళ్లంతా ఇంతే అనడానికి మాత్రం లేదు. వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకీయం 2025 జనవరి చివర్లోనే, మెక్సికో, కెనడాల మీద సుంకాలప్పుడే, చరిత్రలో ఇంత తెలివితక్కువ వాణిజ్య యుద్ధం లేదని తిట్టిపోసింది. నిలబడ్డవాళ్లున్నారు. నేను చందా కట్టినవాడు నిలబడలేదు, అంతే.

అదే ఏడు ఆగస్టు 7న ఇండియా మీద 25 శాతం, రష్యా ఆయిల్ కొంటున్నందుకు 27న ఇంకో 25 శాతం, మొత్తం 50 అయింది. బావమరిది ఫోన్లు తగ్గించాడు. చేసినా పిల్లల చదువులే అడుగుతాడు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే నా కోపానికి న్యాయం జరిగేది. కానీ సెప్టెంబరులో అదే పత్రికలో, అదే పేజీకి ఎదురుగా, ఎవరో కుర్రవాడు ఇక్కడి మెక్సికో గల్ఫ్ తీరం రొయ్యల పడవల మీద రాశాడు. అమెరికా తినే రొయ్యల్లో నూటికి తొంభై పైన బయటివే. అందులో పెద్ద వాటా ఇండియాది, ఇండియా వాటాలో పెద్దది మన ఆంధ్రాది. పట్టణాలకి పట్టణాలు రేవులు మూసుకుంటుంటే "చవకగా దొరుకుతోందిగా" అనడం ఎవరికి జవాబు, అని అడిగాడు. తిట్టుకుంటూనే రెండుసార్లు చదివాను. సుంకాల మీద ఆ పత్రికలో నేను చదివినవాటిలో ఏళ్ల తర్వాత ఒళ్లు దాచుకోకుండా రాసింది అదే.

నేను రెండు మూడు నెలలకోసారి ఆ తీరంలోనే ఉన్న గాల్వెస్టన్ రేవుకి వెళ్లి తలకాయలతో ఉన్న రొయ్యలు తెస్తాను. అక్కడ నాకు తూచి ఇచ్చే ఆయన వియత్నామీ. వియత్నాం యుద్ధంలో సైగాన్ పడిపోయాక వచ్చిన కుటుంబం, పక్కా రిపబ్లికన్. ఈసారి అడిగాను. ఐసులో చెయ్యి పెట్టి ఏరుతూనే, "మా నాన్నకి ఎనభైల్లో వచ్చిన ధర కూడా నాకు రావట్లేదు. డీజిల్ మాత్రం ఇప్పటి ధరే" అన్నాడు. త్రాసు వంకే చూస్తూ అన్నాడు. మావాళ్ల చెరువుల మాట చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఐదు పౌన్లు తీసుకుని, చిల్లర ఉంచుకోమని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఇగురు వండుతుంటే ఇంకో సంగతి తట్టింది. పదిహేనేళ్లు ఆ పేజీ నాకంత నచ్చడానికి వాదన పదునే కారణమని నమ్మాను. పంచదార, ఉక్కు ఎవరివో. రొయ్యలు మావి. సుంకం తప్పని నేను ఇప్పటికీ అంటాను, కానీ నా నోట ఆ మాట బావమరిది మాటలా వినబడుతుందని ఒప్పుకుంటున్నాను. ఆ కాలమిస్టు ఎవరి బావమరిదో!

ఈ పత్రిక మీరు కొనాలా వద్దా అంటే, మీ వీసాని బట్టి ఉంటుంది. నాకు గ్రీన్ కార్డు వచ్చేసింది కాబట్టి వలసల మీద వచ్చే వ్యాసాలు మొహం చిట్లించుకునైనా చదవగలిగాను. హెచ్-1బి మీద ఉన్న మా పెద్దమ్మ మనవడికి సెప్టెంబరు సంచిక ఇచ్చాను. కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజన్న ప్రకటన వచ్చిన వారం అది. రెండు పేజీలు తిప్పి "మామయ్యా, ఇది డబ్బు పెట్టి కొంటున్నావా?" అని తిరిగిచ్చేశాడు. వాడికి నేను సిఫారసు చెయ్యను. పుస్తక సమీక్షలు, నివాళి వ్యాసాలు మటుకు ఇప్పటికీ బాగుంటాయి. లైబ్రరీలో దొరికితే అవి చదువుకోండి.

కార్డు మీద రెండు గళ్లే ఉన్నాయి, ఏడాదికి ఒకటి, మూడేళ్లకి ఒకటి. ఎప్పుడూ మూడేళ్లకే కట్టేవాణ్ణి. నిన్న రాత్రి ఏడాది గడిలో టిక్కు పెట్టాను. చెక్కు ఇంకా రాయలేదు. వచ్చే సంచికలో ఆ కుర్రవాడి పేరు ఉందో లేదో చూశాక రాస్తాను.