బెంగళూరు చలికి తేలిక బీరు: కె-97 ఈస్టు పనితీరు

దోసెల పిండి పులవడానికి రాత్రంతా చాలని డిసెంబరు, జనవరి నెలలే బెంగళూరులో ఈ ఈస్టుకు మంచి అదను. ఫెర్మెంటిస్ వారి సాఫ్‌ఏల్ కె-97 జర్మన్ ఏల్ రకం, అంటే మరీ చల్లగా లేకున్నా పులిసే బీరు ఈస్టు. కొలోన్ ఊరి కోల్ష్ లాంటి లేత పసుపు బీరుకు బాగా నప్పుతుంది. లాగర్ (బాగా చల్లగా పులియబెట్టే బీరు) ఈస్టుకు కావాల్సినంత చల్లదనం దీనికి అక్కర్లేదు. (కర్ణాటకలో బీరు కాచడానికి ఎక్సైజ్ లైసెన్సు తప్పనిసరి, అది ముందు చూసుకోండి.)

11.5 గ్రాముల ప్యాకెట్టు ఒకటి 20 లీటర్లకు సరిగ్గా సరిపోతుంది. పిల్స్‌నర్ మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన లేత రంగు బార్లీ) 3.4 కిలోలు, గోధుమ మాల్టు 300 గ్రాములు 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు నానితే వచ్చే రసం సాంద్రత (మామూలు నీళ్లది 1.000) 1.040 దగ్గర ఉంటుంది. పులిశాక 1.008కి దిగితే ఆల్కహాలు 4.2 శాతం. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. పిల్స్‌నర్ మాల్టుకు ఉండే ఉడికిన మొక్కజొన్న వాసన పోవాలంటే మూత పెట్టకుండా 90 నిమిషాలు మరిగించాల్సిందే. ఆఖరి గంట మొదట్లో 35 గ్రాముల హాలర్‌టావ్ హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు), దించడానికి పది నిమిషాల ముందు మరో 15 గ్రాములు వేయాలి. బోరు నీళ్లు వద్దు, చేదు నాలుకకు గరుగ్గా తగులుతుంది. కావేరి నీళ్లలో క్లోరిన్ మిగిలితే బీరుకు ఆసుపత్రి వాసన పడుతుంది. ఆర్‌ఓ నీళ్లు, అందులో 4 గ్రాముల కాల్షియం క్లోరైడ్ మేలు.

మరిగిన రసం చల్లార్చి ఈస్టు వేశాక, పులిసే వేడి 18 నుంచి 26 డిగ్రీల దాకా ఉన్నా పర్వాలేదని తయారీదారు అంటారు. తేలిక బీరుకు మాత్రం 19 దాటనివ్వకండి. పండ్ల వాసన తేలితే దాన్ని కప్పే బరువైన రుచి ఇందులో ఏదీ ఉండదు. పులిసేటప్పుడు లోపలి వేడి గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అందుకని పులియబెట్టే డబ్బాను నీళ్ల టబ్బులో నిలబెట్టి తడి తువ్వాలు చుట్టాలి, పొద్దునా సాయంత్రం ఒక్కో ఐసు సీసా వేయాలి. మొదటి నాలుగు రోజులు ఈ కాపలా తప్పదు.

ఇక దీని మొండితనం నురగలో ఉంది. రెండో రోజుకల్లా చిక్కటి తెల్లటి మీగడలా లేచి, పాలు పొంగినట్టు మూతదాకా వస్తుంది. 25 లీటర్ల డబ్బాలో ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి మాత్రమే వదిలే మూత బిరడా) మూసుకుపోయి మూత ఎగిరిపోవచ్చు. దాని బదులు వేలెడు లావు గొట్టం పెట్టి, రెండో కొస శానిటైజర్ సీసాలో ముంచండి. పులవడం అయిపోయాక కూడా నురగ దిగదు, దాన్ని చూసి మోసపోవద్దు. హైడ్రోమీటరు (సాంద్రత కొలిచే పరికరం) రెండు మూడు రోజులు ఒకే అంకె చూపాకే, కింద చెప్పినట్టు ఫ్రిజ్‌లో ఉంచి, బుడగల కోసం 125 గ్రాముల చక్కెర కలిపి సీసాల్లో నింపాలి. తొందరపడితే సీసాలు పగులుతాయి.

ఈస్టు అడుక్కి దిగడం మహా నెమ్మది. సీసాల్లో నింపే ముందు 2–4 డిగ్రీల ఫ్రిజ్‌లో వారం, పది రోజులు ఉంచకపోతే బీరు కుడితిలా మసగ్గానే ఉంటుంది, మడ్డి రుచి వస్తుంది. ఉంచితే మాత్రం గోధుమ గింజ నమిలినట్టు మెత్తటి తీపి, చివర్లో శుభ్రమైన చేదు, గ్లాసు అంచున నిలిచే నురగ దక్కుతాయి. డబ్బా పట్టే ఫ్రిజ్ లేనివాళ్లు లాలెమాండ్ కంపెనీ నాటింగ్‌హామ్ ఈస్టు తీసుకోండి. రుచిలో ఆ మెత్తదనం తగ్గుతుంది గానీ, ఈస్టు గట్టిగా అడుగుకు అతుక్కుంటుంది.