తులాంబెన్‌లో మునిగిన ఓడ: పక్కనే మకాం పెడితేనే మేలు

"ఓడ మునిగిన చోట చేప చేరతాది, వల మాత్రం చిక్కుకుంటాది అబ్బయా" అని మైపాడులో వలలు బాగుచేసే పెద్దాయన చిన్నప్పుడు చెప్పేవాడు. ఆ చేపల్ని దగ్గర్నుంచి చూడాలన్న కోరిక మొన్న బాలిలో స్కూబా డైవింగ్‌తో, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్లలోకి దిగి, తీరింది.

నెల్లూరు నుంచి కార్లో చెన్నై, అక్కడి నుంచి సింగపూర్ మీదుగా బాలి. నేనూ మా బావమరిదీ ముందు అక్కడి సనూర్ అనే ఊళ్లో దిగాం. రూము బాగుంది, తిండికి లోటు లేదు. కానీ ఓడ ఉన్న తులాంబెన్‌కి రెండున్నర గంటల ప్రయాణం. చేరేసరికి పది దాటింది, నీళ్లలో ఎటు చూసినా జనమే. అద్దెకిచ్చిన మాస్క్‌లోకి నీళ్లు కారుతూనే ఉన్నాయి, మార్చమంటే ఇంకోటి లేదన్నారు. టెన్షన్‌లో గాలి తొందరగా అయిపోయి అరగంటకే పైకొచ్చేశాం.

ఆ రాత్రే మకాం తులాంబెన్‌కి మార్చాం. చిన్న రూము, వేడినీళ్లు రావు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎందుకంటే పొద్దున ఆరింటికల్లా ఓడ దగ్గరున్నాం.

అది లిబర్టీ అనే అమెరికా సరుకు ఓడ. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. లాక్కెళ్తుంటే నీళ్లు నిండడంతో ఈ ఒడ్డుకు చేర్చి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రంలోకి జారింది. పై భాగం 5 మీటర్ల లోతులోనే ఉంది, కింది భాగం 30 మీటర్ల దాకా పోతుంది. పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచే ఈదుకుంటూ పోవచ్చు. ఓపెన్ వాటర్ అనే మొదటి డైవింగ్ కోర్సు చేసినవాళ్లకు 18 మీటర్ల లోపే బోలెడంత ఉంది.

పగడాలు కమ్మిన ఇనుము పక్కన ఊపిరి నెమ్మదిగా తీస్తూ ఆగాను. నుదుటి మీద బొడిపె ఉన్న పెద్ద చిలకచేపలు మందగా వచ్చాయి. పగడం కొరుకుతుంటే కరకరమని స్పష్టంగా వినపడింది.

ఒడ్డంతా నల్లటి గుండ్రాళ్లు, బూట్లు తప్పనిసరి. అక్కడి ఆడవాళ్లు ఆ రాళ్ల మీదే సిలిండర్లు నెత్తిన మోసుకొస్తారు, మన చేపల గంపల్లాగే. వాళ్ల కూలి ప్యాకేజీలో ఉందో లేదో ముందే అడగండి. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

తిరిగొచ్చాక మైపాడు పెద్దాయనకు వీడియో చూపించాను. "ఆ కొరికే చప్పుడు ఇంకోసారి పెట్టబ్బయా" అని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.