మా ఇంటి ఫైబర్ నెట్: రెండేళ్ల వాడకం, నాలుగు నెలల అవస్థ

హనుమకొండ నయీంనగర్‌లో మా ఇంటికి ఈ ఫైబర్ కనెక్షన్ తీసుకుని రెండేళ్లు దాటింది. 100 ఎంబీపీఎస్ ప్లాన్. మొదటి ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు. దసరా తర్వాత మొదలైంది. రోజుకు ఐదారుసార్లు నెట్ పోయేది, రెండు నిమిషాల్లో దానంతటదే వచ్చేది. మా చెల్లెలి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో పోయిన రోజు పాపం ఏడ్చినంత పని చేసింది.

ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు: "అన్నా, ఒకసారి రౌటర్ డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేయండి." చేస్తే నెట్ వచ్చేది, వాళ్లు కంప్లయింట్ క్లోజ్ చేసేవాళ్లు. నాలుగు నెలలు ఇలాగే గడిచింది. వైఫైదే తప్పనుకుని ఛానెల్ 1కి, 6కి, 11కి మార్చి చూశాను. ఫలితం లేదు.

చివరికి లాప్‌టాప్‌కు నేరుగా లాన్ కేబుల్ పెట్టి రెండు విండోల్లో పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తోందా అని చూసే పరీక్ష) నడిపాను. ఒకటి రౌటర్‌కు, ఇంకొకటి బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. నెట్ పోయినప్పుడు కూడా రౌటర్ నుంచి జవాబు వస్తూనే ఉంది, బయటి నుంచే రావడం లేదు. డబ్బా మీద ఎర్ర లైట్ మిణుకుమిణుకుమంటోంది. అంటే వైఫైది కాదు, లైన్‌లోనే లోపం. రౌటర్ పేజీ తెరిస్తే ఆప్టికల్ పవర్, అంటే తీగలో వచ్చే వెలుతురు బలం, మైనస్ 28 డీబీఎం. ఇళ్లకు వచ్చే ఈ రకం ఫైబర్‌లో మైనస్ 27 కంటే కిందికి పోతే డబ్బాకు సిగ్నల్ అందడం కష్టం. ఫొటో తీశాను. వారం పాటు నెట్ పోయిన టైములన్నీ రాసిపెట్టి కంప్లయింట్‌తో పంపాను.

ఈసారి టెక్నీషియన్ వెలుతురు కొలిచే పవర్ మీటర్‌తో వచ్చాడు. డాబా మీది పెట్టెలో మైనస్ 21 ఉంది. అంటే పోయేదంతా మా ఇంట్లోనే పోతోంది. ఈ కొలతలో మూడు (డీబీ) తగ్గితే వెలుతురు సగమవుతుంది, మా ఇంట్లోలా ఏడు తగ్గితే ఐదో వంతే మిగులుతుంది. హాల్లో లైట్లు ఆర్పించి, పసుపు తీగలోకి ఎర్ర లైటు పెన్నుతో వెలుగు పంపాడు. బీరువా వెనక, గోడకూ ఇనుప రేకుకూ మధ్య తీగ మడతపడ్డ చోట ఎర్రగా నిప్పుకణంలా మెరిసింది. దసరాకు సున్నాలు వేయించినప్పుడు బీరువా జరిపాం. తలుపు తీసి వేసినప్పుడల్లా తీగ ఇంకాస్త నలిగేది. నేను రాసిన టైములు చూస్తే పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికే ఎక్కువ. అందరం బీరువాలోంచి బట్టలు తీసే వేళలు.

కొత్త తీగ వేసి, మడత పడకుండా గుండ్రంగా చుట్టి గోడకు కొట్టాడు. పావుగంట పని. ఆ మీటర్ మొదటి నెలలోనే తెచ్చి ఉంటే మా చెల్లి ఇంటర్వ్యూ అలా అయ్యేది కాదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

తర్వాత ఈ ఏడాదిలో ఒక్కసారే పెద్ద అంతరాయం. డాబా మీద కోతులు కేబుల్ తెంపాయి, మర్నాటికల్లా మార్చారు. కరెంటు పోయినప్పటి కోసం 12 వోల్టుల చిన్న యూపీఎస్ నేనే కొనుక్కున్నాను. లైన్‌కు పూర్తి మార్కులు వేస్తాను, కస్టమర్ కేర్‌కు సగం. రెన్యూవల్ మాత్రం ఏడాదికి కాకుండా ఆరు నెలలకే కట్టాను.