ఎయిర్ ట్యాక్సీ రొద: చార్టు చూపడమా, ఎగిరి వినిపించడమా?

వెర్టిపోర్టు (ఎయిర్ ట్యాక్సీలు నిలువుగా ఎగిరే, దిగే చోటు) చుట్టుపక్కలవాళ్లకు డెసిబెల్ చార్టు చూపడం చవక, ఒక్క సభతో పని అయిపోతుంది. కానీ 2021లో యూరప్ విమానయాన భద్రతా సంస్థ అధ్యయనంలో తేలిందేమిటంటే, ఒకే స్థాయిలో వినిపించినా అలవాటైన నగర మోతల కన్నా కొత్త వాహనాల రొదే ఎక్కువ చిరాకు పెట్టింది. అంకె ఆ తేడా చెప్పదు.

ఎగిరి చూపడానికి ఖర్చెక్కువ, అనుమతులూ కావాలి. అయినా మొగ్గు దానికే. అమెరికా కంపెనీ జోబీ ఎయిర్ ట్యాక్సీ 2022 కొలతల్లో 500 మీటర్ల ఎత్తున 45.2 డెసిబెళ్లే, దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు మాత్రం 100 మీటర్ల దూరంలో 65 లోపు అన్నారు. ప్రచారంలో మొదటి అంకే కనబడుతుంది, జనం వినేది రెండోది.

శబ్దం కొలిచే మైకులు అది దిగే చోట కాదు, ఇళ్ల కిటికీల దగ్గర పెట్టాలి. ముందు వీధి మామూలు శబ్దం కొలవాలి, గాలి దిశ రాసుకోవాలి. ఒక్కసారి ఎగిరి సరిపెడితే కంటితుడుపే: గంటకు ఎన్ని దిగుతాయో అన్నీ వరసగా వినిపించాలి, రాత్రి వేళ కూడా.